ది వన్ రింగ్ ఆర్‌పీజీ: టోల్కీన్ లోకంలో ఆడాలంటే ఏ ఆట కొనాలి?

పాచికల_పట్నం
అందరికీ నమస్తే. మా హైదరాబాద్ బ్యాచ్ డీ అండ్ డీ (డంజియన్స్ అండ్ డ్రాగన్స్) ఫిఫ్త్ ఎడిషన్ ఆడుతోంది, అదే, పాచికలు వేస్తూ తలా ఒక పాత్రగా కథ నడిపే ఆర్‌పీజీ. ఇప్పుడు నడుస్తున్న క్యాంపెయిన్ (చాలా సెషన్లు సాగే కథ) చివరికొచ్చేసింది. తర్వాత ఏం ఆడాలన్నదాని మీద వాట్సాప్ గ్రూపులో రోజూ రభసే. ఇద్దరు టోల్కీన్ ('ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రచయిత) భక్తులు. ఒకడు సినిమాలు తప్ప ఏమీ చదవలేదు. ఒక అమ్మాయికి మంత్రాలు వేసే క్యారెక్టర్ లేకపోతే అది ఆటే కాదు. ఇంకొకడు ఏ లోకంలోకి వెళ్ళినా ముందు జేబులు కొడతాడు.

ఫ్రీ లీగ్ వాళ్ళు 2022లో తెచ్చిన 'ది వన్ రింగ్' రెండో ఎడిషన్ కొనాలా? లేక అదే కంపెనీ 2023లో ఫిఫ్త్ ఎడిషన్ రూల్స్‌తో వేసిన 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రోల్‌ప్లేయింగ్' కొనాలా? మావాళ్ళకి కొత్త రూల్స్ అంటే బద్ధకం. యూట్యూబ్ రివ్యూలు బోలెడు చూశాను, అందరూ బొమ్మలు ఎంత బాగున్నాయో చెప్పి ముగిస్తున్నారు. టేబుల్ దగ్గర కూర్చుని ఆడినవాళ్ళు చెప్పండి.

శేషాచలం_రేంజర్
కళ్ళు మూసుకుని వన్ రింగ్ తీసుకోండి బ్రదర్.

రూల్స్ చూసి భయపడక్కర్లేదు. ప్రతి రోల్‌కీ ఒక పన్నెండు ముఖాల డైస్, దాంతోపాటు మీ స్కిల్ ఎంతుంటే అన్ని ఆరు ముఖాల డైస్. పన్నెండు ముఖాల దాని మీద 1 నుంచి 10 అంకెలు, 11 ఉండాల్సిన చోట శత్రువు సౌరాన్ కన్ను, 12 ఉండాల్సిన చోట మంత్రగాడు గాండాల్ఫ్ గుర్తు. గాండాల్ఫ్ పడితే మొత్తం ఎంతొచ్చినా పని అయిపోయినట్టే. కన్ను పడితే ఆ డైస్‌కి సున్నా. మీరు చేరాల్సిన అంకె మీ షీటు మీదే ఉంటుంది. బలం, గుండె, బుద్ధి అని మూడు గుణాలు, వాటిలో ఆ పనికి వర్తించేదాన్ని 20లోంచి తీసేస్తే వచ్చేదే టార్గెట్. "డీసీ (చేరాల్సిన అంకె) ఎంత అన్నా?" అని ప్రతిసారీ జీఎం (ఆట నడిపేవాడు) మొహం చూడక్కర్లేదు.

అసలు ఆటంతా అలసటలో ఉంది. ఎండ్యూరెన్స్ (ఒంట్లో సత్తువ) తగ్గి తగ్గి మీరు మోస్తున్న బరువు దగ్గరికి దిగిందంటే మీరు 'వియరీ' (అలసిపోయినవాడు) అయినట్టు. అక్కడినుంచి ఆరు ముఖాల డైస్ మీద 1, 2, 3 పడితే లెక్కలోకి రావు. అదే మనిషి, అదే కత్తి, చెయ్యి మాత్రం లేవదు. సౌరాన్ దేశం మోర్డోర్‌లో ఉంగరం మోసే ఫ్రోడో, అతని తోడు శామ్ ఒక్కో సామాను పారేసుకుంటూ నడుస్తారే, అది ఇక్కడ రూల్ రూపంలో ఉంది. మా టేబుల్ దగ్గర ఒక డ్వార్ఫ్ ఆటగాడు పోట్లాట మధ్యలో హెల్మెట్ తీసి పక్కన పడేశాడు. నేనేమీ అనలేదు, షీటు చూసుకుని తనే పడేశాడు. డీ అండ్ డీలో ఇన్నేళ్ళలో ఎవడైనా కవచం బరువని తీసేయడం చూశారా?

మిట్టమధ్యాహ్నం
రేంజర్ గారి భక్తికి ఒక దండం. కానీ అడిగిన మనిషి డబ్బు పెట్టి కొంటున్నాడు కాబట్టి రెండోవైపు కూడా వినాలి.

ఈ ఆటకి పెద్ద పేరు తెచ్చింది ప్రయాణం రూల్స్. ఒకడు గైడ్, ఒకడు స్కౌట్, ఒకడు హంటర్, ఒకడు లుకౌట్. గైడ్ ట్రావెల్ రోల్ చేస్తాడు, మ్యాప్ మీద ఇన్ని గళ్ళు కదిలారు, అక్కడొక సంఘటన. అది ఎవరి నెత్తిన పడిందో డైస్ చెప్తుంది. ఆ ఒక్కడూ రోల్ చేస్తాడు, ఫటీగ్ (అలసట) రాసుకుంటారు, మళ్ళీ గైడ్ రోల్. బ్రీ నుంచి రివెండెల్ దాకా ఇదే తంతు. మొదటి ప్రయాణం బాగుంటుంది. తర్వాత తర్వాత బ్యాంకులో ఫారం నింపుతున్నట్టు ఉంటుంది. పెద్దమనుషులతో మాట్లాడాలన్నా 'కౌన్సిల్' అని దానికో లెక్క, ఇన్ని ప్రయత్నాల్లో ఇన్ని విజయాలు సాధించాలి. ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోవాలన్నా 'ఫెలోషిప్ ఫేజ్' అని దానికో చాప్టర్. మా ఆటగాళ్ళు స్వేచ్ఛకి అలవాటుపడ్డవాళ్ళు. మేం ఆటని ఆడుతున్నామా, ఆట మమ్మల్ని ఆడిస్తోందా అని సగంలో వదిలేశాం.

ఫిఫ్త్ ఎడిషన్ రూపంలో ఇదంతా ఉంటుంది గానీ కింద తెలిసిన డీ20 (ఇరవై ముఖాల డైస్) ఉంటుంది కదా, మనసుకి సుఖం.

డల్లాస్_దుర్గ
మధ్యాహ్నం గారూ, మీరు చెప్పిన విసుగు నిజమేనండీ, కానీ దానికి కారణం రూల్ కాదు, దాన్ని నడిపిన తీరు. సంఘటనల పట్టిక ఇచ్చేది ఒక్క ముక్కే. దాన్ని దృశ్యం చేయాల్సింది లోర్‌మాస్టర్, ఈ ఆటలో జీఎంకి అదే పేరు. లుకౌట్ ఫెయిలయ్యాడు, ఫటీగ్ రెండు అని చెప్పి ముందుకెళ్తే ఎవరికైనా నిద్రొస్తుంది. "రాత్రి కాపలా నీదే. మంట ఆరిపోయింది. దూరంగా పాడుబడ్డ కోట గోడ మీద ఎవరో నిలబడినట్టుంది, నిద్రపోతున్నవాళ్ళని లేపుతావా?" అని అడిగి చూడండి. రోల్ అదే, ఫటీగ్ అదే. ఆటగాడి మొహం మాత్రం మారిపోతుంది.

మేము టెక్సాస్‌లో మొదటి ఎడిషన్ నుంచీ ఆడుతున్నాం. 2011లో క్యూబికల్ 7 వేసిన పెట్టె, అందులో రెండు పుస్తకాలు, మ్యాపులు, డైస్. అది 'ద హాబిట్' చివర్లో వచ్చే ఐదు సైన్యాల యుద్ధం తర్వాత ఐదేళ్ళకి, అంటే టోల్కీన్ లోకపు లెక్కలో మూడో యుగం 2946లో, మిర్క్‌వుడ్ అడవి చుట్టుపక్కల మొదలవుతుంది. దాని కోసం వచ్చిన 'ద డార్కెనింగ్ ఆఫ్ మిర్క్‌వుడ్' అన్న క్యాంపెయిన్ పుస్తకంలో దాదాపు ముప్ఫై ఏళ్ళ కథ సంవత్సరం వారీగా ఉంటుంది. ఏడాదికో సాహసం, చలికాలం వచ్చేసరికి ఎవరి ఊరికి వాళ్ళు. నా ఊడ్‌మెన్ (ఆ అడవి మనుషుల) పిల్ల పద్దెనిమిదేళ్ళప్పుడు గొడ్డలి పట్టుకుని బయల్దేరింది. క్యాంపెయిన్ అయ్యేసరికి దాని కొడుక్కే మీసాలొచ్చాయి. ఏ డ్రాగన్ని కొట్టినా నాకు రాని తృప్తి అందులో వచ్చింది.

మీరు చాప్టర్ అని ఎగతాళి చేసిన ఫెలోషిప్ ఫేజ్ వల్లే అది జరిగింది. అందులో 'పాట రాయడం' అని ఒక పని ఉంటుంది తెలుసా? మా వాళ్ళు తెలుగులో పడవపాట బాణీ మీద కట్టారు. ఇప్పటికీ పొట్లక్‌లలో (తలా ఒక వంట తెచ్చుకునే విందుల్లో) పాడతారు, చుట్టుపక్కల వాళ్ళు ఇది ఏ సినిమాలోది అని అడుగుతారు.

చిల్లరదొంగ
పాట సరే అక్కా. జేబులు కొట్టేవాడి సంగతి ఏమిటి? పట్నం గారు రాసినవాడు అచ్చం నాలాగే ఉన్నాడు, అందుకే అడుగుతున్నా.

శేషాచలం_రేంజర్
నీకు ఈ ఆటలో కష్టకాలమే తమ్ముడూ.

ఇక్కడ 'షాడో' అని ఒక లెక్క ఉంది. భయంకరమైనవి చూసినా, శాపం తగిలిన నిధి ముట్టుకున్నా షాడో పాయింట్లు వస్తాయి, వాటిని తట్టుకోవడానికి రోల్ ఉంటుంది. నువ్వు చేసిన పాడుపనికి వచ్చే షాడోకి మాత్రం రోల్ లేదు. అబద్ధంతో మోసం చేసినా, దొంగతనం చేసినా, చిత్రహింస పెట్టినా నేరుగా వచ్చి పడుతుంది. నీ 'హోప్' షాడోతో సమానమయ్యేదాకా దిగిందంటే నువ్వు 'మిజరబుల్'. అప్పట్నుంచి కన్ను పడ్డ ప్రతి రోల్ దానికదే ఫెయిల్. ఇంకా పేరుకుంటే మతి చెదురుతుంది, ఆ తర్వాత నీ స్వభావానికి తగ్గ లోపం ఒకటి శాశ్వతంగా అంటుకుంటుంది. నిధులు వెతికేవాడికి డ్రాగన్ రోగం, పండితుడికి రహస్యాల ఆశ, కెప్టెన్‌కి అధికార దాహం. పుస్తకాల్లో ఉంగరం మీద ఆశపడ్డ బోరోమిర్‌కీ, నిధి మీద ఆశపడ్డ థోరిన్‌కీ ఏమైందో అదే నీకూ.

చిల్లరదొంగ
అంటే జీఎం బదులు పుస్తకమే పంచాయతీ తీర్పు చెప్తుందన్నమాట. 'ద హాబిట్' కథానాయకుడు బిల్బోని 'బర్‌గ్లర్' (దొంగ) అనే కదా పిలిచి పనికి పెట్టుకున్నారు? వాడు చేస్తే సాహసం, నేను చేస్తే షాడోనా?

పాతపుస్తకం
ప్రశ్న సమంజసమే నాయనా. బిల్బో ఆర్కెన్‌స్టోన్ అనే మణి తీసి దాచాక ఎన్ని రాత్రులు మనసు కుదురు లేకుండా గడిపాడో పుస్తకంలో చూడు. చివరికి దాన్ని తన స్నేహితుల శత్రువుల చేతిలో పెట్టి, తిరిగి ఆ స్నేహితుల దగ్గరికే నడిచి వెళ్ళాడు. టోల్కీన్ లోకంలో దొంగతనం ఉంది, దానికి ఖరీదూ ఉంది. ఆటలో ఆ ఖరీదుని అంకెల్లో పెట్టారు, అంతే. నచ్చకపోతే అది నీ అభిరుచి, ఆట లోపం కాదు.

నేను ఈ చర్చలో అందరికంటే పెద్దవాణ్ణి అనుకుంటా, కాబట్టి కాస్త పాతకథ చెప్పనివ్వండి. టోల్కీన్ లోకం మీద మొదట పేరు తెచ్చుకున్న ఆర్‌పీజీ ఐరన్ క్రౌన్ ఎంటర్‌ప్రైజెస్ 1984లో వేసిన 'మిడిల్ ఎర్త్ రోల్ ప్లేయింగ్' (మిడిల్ ఎర్త్ అంటే ఆ లోకం పేరే), అందరూ మెర్ప్ అనేవాళ్ళం. మా ఇంజనీరింగ్ హాస్టల్‌లో ఒక సీనియర్ జిరాక్స్ కాపీ తెచ్చాడు. అది రోల్‌మాస్టర్ అనే వాళ్ళదే ఇంకో ఆటకి కాస్త సులువు చేసిన రూపం. సులువు అంటే నవ్వొస్తుంది, ప్రతి ఆయుధానికీ ఒక పట్టిక, ప్రతి దెబ్బకీ ఇంకో పట్టిక. ఎముక ఎక్కడ విరిగింది, రక్తం ఎంత కారుతోంది, అన్నీ అందులో. తడబడితే చూసే పట్టికలో కనబడని, ఊహలో మాత్రమే ఉన్న చచ్చిన తాబేలు మీద కాలేసి పడిపోవడం కూడా ఉంది. ఆ తాబేలు పేరు చెప్పుకుని రాత్రంతా నవ్వుకున్నాం.

అందులో మేజ్ ఉన్నాడు, యానిమిస్ట్ ఉన్నాడు, బార్డ్ ఉన్నాడు. లెవెల్ పెరిగేకొద్దీ మంత్రాలు. బ్రీ సత్రంలో తాగి గొడవపడి నిప్పులు కురిపించవచ్చు. సరదాగా ఉండేది, కానీ అది టోల్కీన్ మ్యాప్ మీద ఆడుతున్న వేరే ఆట. 1999లో వాళ్ళ చేతిలోంచి లైసెన్స్ పోయింది. సినిమాల కాలంలో 2002లో డిసైఫర్ కంపెనీ ఇంకోటి వేసింది, పుస్తకం నిండా సినిమా ఫొటోలు. అదీ ఎక్కువకాలం నిలవలేదు.

తర్వాత వచ్చినవాడు ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో నెపిటెల్లో. మార్కో మాజ్జీతో కలిసి 'వార్ ఆఫ్ ద రింగ్' బోర్డు గేమ్ చేసినవాడు, అందులో రాబర్టో డి మెలియో కూడా ఉన్నాడు. పటం మీద సైన్యాలు ఒకపక్క, ఉంగరం మోసేవాడి నడక ఒకపక్క నడిచే ఆట అది. అంతకుముందు ఆటలు పుస్తకంలోంచి ఊళ్ళూ పేర్లూ రాక్షసులూ తీసుకున్నాయి. ఈయన అలసట, ఆశ, దారి, తోడు తీసుకున్నాడు. మిగతావాళ్ళతో నాకు పేచీ ఏమీ లేదు. తేడా మాత్రం అక్కడుంది.

మిట్టమధ్యాహ్నం
మాస్టారూ, చెప్పిన తీరు బాగుంది. కానీ అలసట, ఆశ, దారి, తోడు అన్నీ మంచి జీఎం ఏ సిస్టమ్‌తోనైనా తెప్పించగలడు కదా? దానికి ప్రత్యేకంగా ఇంత పుస్తకం ఎందుకు?

పాతపుస్తకం
మంచి జీఎం చేయగలడు. ఆదివారం సాయంత్రం ఆఫీసు టెన్షన్‌తో వచ్చిన మామూలు జీఎం చేయలేడు. రూల్స్ ఉన్నది రెండోవాడి కోసం.

కొత్తకుండ
ఒక డౌటు, ఎవరూ నవ్వొద్దు. నేను సినిమాలు మాత్రమే చూశాను. ఉంగరం చివరికి అగ్నిపర్వతంలో పడుతుందని అందరికీ తెలుసు. ఆరగార్న్ రాజవుతాడని తెలుసు. ఇక మనం ఆడేది ఎందుకు? ముగింపు తెలిసిన కథలో మన క్యారెక్టర్లు పక్కన నిలబడి చప్పట్లు కొట్టాలా?

డల్లాస్_దుర్గ
మంచి డౌటేనండీ, ఎవరూ నవ్వరు.

రెండో ఎడిషన్ మూడో యుగం 2965లో మొదలవుతుంది. బిల్బో తిరిగొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, ఫ్రోడో ఇంకా పుట్టలేదు. ఉంగరం బ్యాగ్ ఎండ్‌లో, అంటే బిల్బో ఇంట్లో, అతని జేబులోనే ఉంది, అదేమిటో గాండాల్ఫ్‌కి కూడా తెలీదు. సౌరాన్ మోర్డోర్‌లో తన పేరు బయటపెట్టుకుని పద్నాలుగేళ్ళయింది. ఆరగార్న్ ఆ ఏళ్ళలో దక్షిణాన మారుపేరుతో రోహన్‌లో, గాండోర్‌లో సేవ చేస్తున్నాడు, కాబట్టి ఉత్తరాదిలో అతను మీ దారికి అడ్డురాడు. బిల్బో పాత తోడు, డ్వార్ఫ్ బాలిన్ ఇంకా మోరియాకి (డ్వార్ఫ్‌ల పాత భూగర్భ నగరానికి) పోలేదు, 2989లో గానీ వెళ్ళడు. చరిత్రలో పెద్ద ఖాళీ అది. ఎరియడోర్, అంటే ఆ ఉత్తరాది నేల నిండా శిథిలాలు, పాడుబడ్డ రాజ్యాలు. ఊళ్ళని కాపాడే పని చేసేది కొద్దిమంది రేంజర్లు, వాళ్ళకి తోడు మీలాంటివాళ్ళు.

పైగా మీకు పని చెప్పే 'పేట్రన్' ఉంటారు. బిల్బో, గాండాల్ఫ్, బాలిన్, కీర్దాన్, టామ్ బాంబడిల్, గోల్డ్‌బెర్రీ. నాకు అందరికంటే ఇష్టం ఆరగార్న్ తల్లి గిల్రాయెన్. కొడుకు దూరంగా ఉన్న తల్లి కబురు పంపించి ఒక పని చేసిపెట్టమంటే కాదనగలరా చెప్పండి.

శేషాచలం_రేంజర్
దీనికి తోడు 'ఐ అవేర్‌నెస్' (సౌరాన్ కన్ను మిమ్మల్ని ఎంత గమనిస్తోందన్న లెక్క) ఒకటి ఉంది. పోట్లాట బయట కన్ను పడినప్పుడల్లా, మంత్రశక్తి వాడినప్పుడల్లా ఒక అంకె పెరుగుతుంది. మీరున్న ప్రాంతాన్ని బట్టి దానికో గీత, మామూలు సరిహద్దు నేలలో 18, అడవి ప్రాంతంలో 16, చీకటి నేలలో 14. గీత దాటిందా, ఏదో ఒక కీడు మూడుతుంది. వంతెన కూలుతుంది, నమ్మినవాడు ఎదురు తిరుగుతాడు, ఓర్క్‌ల గుంపు జాడ పట్టేస్తుంది. మా బ్యాచ్‌లో ఎల్ఫ్ ఆటగాడికి మొదట్నుంచీ పేచీ, నేనేం పాపం చేశాను, నేనుంటే అంకె పెద్దగా మొదలవుతుందేమిటి అని. అవును మరి, ఎల్ఫ్ నడిస్తే శత్రువు కంట్లో పడతాడు.

కొత్తకుండ
థ్యాంక్స్ అక్కా, అన్నా. చప్పట్లు కొట్టక్కర్లేదని అర్థమైంది. 😄

ఉచితం_మనదే
పట్నం బ్రో, కొనడం ఎందుకు, అన్ని పుస్తకాల పీడీఎఫ్‌లు ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి. లింక్:
[నిర్వాహకులు తొలగించారు]

వేదిక_నిర్వాహణ
ఇక్కడ ఇలాంటి లింకులు వద్దు. రెండోసారి పెడితే ఖాతా ఆగిపోతుంది. చర్చ కొనసాగించండి.

పాచికల_పట్నం
ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. దుర్గ గారి పోస్టు గ్రూపులో పెట్టగానే టోల్కీన్ భక్తులిద్దరూ అప్పుడే పేట్రన్‌ని ఎంచుకుంటున్నారు. మంత్రాల అమ్మాయి మాత్రం ఒప్పుకోవట్లేదు. ఆమె సంగతి ఏం చేయాలి?

మిట్టమధ్యాహ్నం
నా మాట మళ్ళీ ఇదే, ఆమె కోసం ఈ ఆట కాదు. ఫిఫ్త్ ఎడిషన్ రూపంలోనూ మంత్రగాళ్ళ క్లాసులు లేవు, అది ముందే తెలుసుకోండి. 2016లో క్యూబికల్ 7 వేసిన 'అడ్వెంచర్స్ ఇన్ మిడిల్ ఎర్త్'లోనూ లేవు. రెండు పుస్తకాల్లోనూ మంత్రగాడి క్లాస్ వెతుక్కుని నిరాశపడ్డవాళ్ళని నేను చూశాను. అయినా మీ బ్యాచ్‌కి నేను ఫిఫ్త్ ఎడిషనే చెప్తా. డీ20 తెలుసు, అడ్వాంటేజ్ తెలుసు, మొదటి సెషన్‌లోనే ఆట మొదలవుతుంది. లెవెల్ పది దగ్గర ఆపేశారు కాబట్టి దేవుళ్ళయిపోరు.

శేషాచలం_రేంజర్
లెవెల్ పది దాకా వచ్చినా హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలు తట్టుకోగలరన్న లెక్క) పెరుగుతూనే ఉంటాయి కదా. మొదట్లో తోడేళ్ళని చూసి చెట్టెక్కినవాడు ఏడాది తిరిగేసరికి వాటితో ఆడుకుంటాడు. వన్ రింగ్‌లో మీ నైపుణ్యం పెరుగుతుంది, ఒంట్లో సత్తువ దాదాపు అక్కడే ఉంటుంది. ఎంత అనుభవం ఉన్న వీరుడికైనా చలికాలంలో దారితప్పితే చావొస్తుంది. తోడేలంటే భయం పోతే ఇక అది మిడిల్ ఎర్త్ ఏమిటి?

మిట్టమధ్యాహ్నం
నాలుగు గంటల సెషన్‌లో తోడేలుకి భయపడటానికే మూడు గంటలు పోతే అది కూడా ఏమిటి?

పాతపుస్తకం
మంత్రాల అమ్మాయి గురించి. పుస్తకాల్లో గాండాల్ఫ్ ఎన్నిసార్లు మంత్రం వేశాడో లెక్కపెట్టమనండి. పైన్‌కాయలకి నిప్పంటించి తోడేళ్ళ మీదికి విసిరాడు. మోరియాలో కర్రకి కాస్త వెలుగు తెప్పించాడు. తలుపు తెరిచే మంత్రాలు ఎన్నో వల్లించాడు, ఏదీ పని చేయలేదు, చివరికి అది పొడుపుకథ అని తట్టి ఒక్క మాటతో తెరిచాడు. మిగతా సమయమంతా నడిచాడు, మాట్లాడాడు, తిట్టాడు. ఆ అమ్మాయిని 'స్కాలర్' తీసుకోమనండి. పాతభాషలు, మరిచిపోయిన కథలు, మూలికలు తెలిసిన మనిషి. శిథిలం గోడ మీద రాత చదవగలిగేది గుంపులో తనొక్కతే అయినప్పుడు అందరూ తన మొహమే చూస్తారు. మంత్రానికి కూడా జనం కోరుకునేది అదే కదా.

దీని వెనక లైసెన్స్ సంగతి కూడా ఉంది. ఈ ఆటల హక్కులు 'ద హాబిట్', 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' వరకే. మిడిల్ ఎర్త్ ఎంటర్‌ప్రైజెస్ దగ్గర ఉన్నవి అవే, 2022లో ఆ సంస్థని ఎంబ్రేసర్ గ్రూప్ కొనుక్కుంది. టోల్కీన్ ఇంకో పుస్తకం 'సిల్మరిలియన్' అందులో లేదు. కాబట్టి మొదటి యుగం వీరులు, బేరెన్, లూథియెన్‌ల కథలోని ఆ మహిమలు ఆటలోకి నేరుగా రావు. అనుబంధాల్లో, పాటల్లో ఎంత తగిలితే అంతే. ఫ్రీ లీగ్ వాళ్ళు ఆ కొరతనే పనికొచ్చేలా మార్చుకున్నారని నా అభిప్రాయం. ఉన్న రెండు పుస్తకాలనే గట్టిగా చదివారు.

ఒంటరి_బాటసారి
ఆడటానికి బ్యాచ్ దొరకని నాలాంటివాళ్ళ కోసం ఒక్క మాట. 'స్ట్రైడర్ మోడ్' అని ఒంటరిగా ఆడుకునే రూల్స్ ఉన్నాయి, పీడీఎఫ్‌గా కొనుక్కోవచ్చు. జీఎం ఉండడు. అవునా కాదా అని ప్రశ్న వేసి డైస్ వేస్తే జవాబొస్తుంది, ఇంకో పట్టిక ఊహకి అందే మాటలు ఇస్తుంది. నేను విజయవాడలో ఒక్కణ్ణే రాత్రిళ్ళు నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఆడతాను. మధ్యాహ్నం గారు ఫారం అన్న ప్రయాణం రూల్సే నాకు కథని నడిపిస్తాయి. ఒంటరిగా ఆడేవాడికి ఆ పట్టాలు కావాలి. 2024లో వచ్చిన మోరియా పుస్తకం కూడా కొన్నాను, అది చదువుకోవడానికే బాగుంది.

డైస్ గురించి ఎవరూ చెప్పలేదు. ప్రత్యేకమైన సెట్ విదేశం నుంచి తెప్పించుకోనక్కర్లేదు. మామూలు పన్నెండు ముఖాల డైస్ మీద 11ని కన్ను, 12ని గాండాల్ఫ్ అనుకుంటే చాలు. ఆరు ముఖాల దాని మీద 6 పడితే విశేష విజయం. పుస్తకం మాత్రం కొరియర్‌లో వస్తే కస్టమ్స్ బాదుడు ఉంటుంది, మనదేశంలో బోర్డ్ గేమ్ అమ్మే షాపుల్లో ముందు అడిగి చూడండి.

డల్లాస్_దుర్గ
పట్నం గారూ, నేనైతే ముందు స్టార్టర్ సెట్ చెప్తాను. డైస్ కూడా పెట్టెలోనే వస్తాయి, క్యారెక్టర్లు తయారుచేసే పని లేదు, రెడీగా ఉంటారు. కథంతా హాబిట్ల సీమ షైర్‌లోనే, 2960లో. బిల్బో ఏదో పన్నాగం పన్ని కుర్ర హాబిట్లని పనిమీద పంపిస్తాడు. ఆ కుర్రవాళ్ళెవరో తెలుసా? డ్రోగో బ్యాగిన్స్, ప్రిములా బ్రాండీబక్, అంటే రేపటి ఫ్రోడో అమ్మానాన్నలు. ఎస్మెరాల్డా టుక్ ఫ్రోడో స్నేహితుడు మెర్రీకి తల్లి కాబోతోంది, పాలడిన్ టుక్ ఇంకో స్నేహితుడు పిప్పిన్‌కి తండ్రి. తర్వాత బ్యాగ్ ఎండ్ మీద కన్నేసే లోబేలియా కూడా ఉంది, ఇంకా సాక్విల్-బ్యాగిన్స్ ఇంటి కోడలు కాలేదు.

పుస్తకం చదివినవాళ్ళకి అడుగడుగునా నవ్వు, చదవనివాళ్ళకి సులువైన సాహసం. చీకటి తక్కువ, తిండి ఎక్కువ. నచ్చితే కోర్ పుస్తకం, నచ్చకపోతే పెద్ద నష్టం లేదు.

చిల్లరదొంగ
లోబేలియా నాకు. పుస్తకంలో వెండి స్పూన్లు ఎత్తుకెళ్ళింది ఆవిడే కదా? షాడో పాయింట్లు రాసుకోవడానికి రెడీ.

మిట్టమధ్యాహ్నం
ఇది మాత్రం నేనూ ఒప్పుకుంటా. స్టార్టర్ సెట్ బాగుంది. ప్రయాణాలు చిన్నవి, ఫారాలు తక్కువ. పెద్ద పుస్తకం గురించి నా మాట మారలేదు.

పాచికల_పట్నం
సరే, స్టార్టర్ సెట్టే. ఆర్డర్ పెట్టేశా. మంత్రాల అమ్మాయి ప్రిములా అట, సినిమా కుర్రాడు డ్రోగో అట. వాళ్ళిద్దరూ నిజజీవితంలో ఒకరినొకరు పీక్కుతింటారు, ఎలా పెళ్ళి చేస్తామో చూడాలి. చివరి ప్రశ్న, 2960లో ఆడిన ఈ హాబిట్లనే 2965లో కోర్ పుస్తకంలోకి తీసుకెళ్ళొచ్చా?

శేషాచలం_రేంజర్
రూల్స్ అవే కాబట్టి తీసుకెళ్ళొచ్చు. ఐదేళ్ళ ఖాళీ మీరే నింపుకోండి. 2968లో ఫ్రోడో పుడతాడు కాబట్టి ఆ జంట అప్పటికి ఇంటిపట్టున ఉండాలి.

పాతపుస్తకం
ఒక జాగ్రత్త. డ్రోగో, ప్రిములా 2980లో బ్రాండీవైన్ నదిలో పడవ మునిగి పోతారు, అప్పటికి ఫ్రోడోకి పన్నెండేళ్ళు. అంతకుముందే వాళ్ళు మీ టేబుల్ దగ్గర చనిపోతే ఉంగరం మోసేవాడే ఉండడు. కాబట్టి స్టార్టర్ సెట్‌లో నది పక్కన దృశ్యం పెడితే డైస్ కాస్త చూసి వేయించండి.

కొత్తకుండ
అయ్యో, మధ్యలో ఎవరైనా చనిపోతే కథ ఏమైనట్టు?

డల్లాస్_దుర్గ
మీ టేబుల్ దగ్గర జరిగిందే మీ మిడిల్ ఎర్త్ అండీ. మా మిర్క్‌వుడ్‌లో ఊడ్‌మెన్ పెద్ద ఒకాయన పుస్తకం చెప్పినదానికంటే పదేళ్ళు ముందే పోయాడు, ఆయన జాగాలో మా గుంపు మనిషే కూర్చుంది. ఆ క్యాంపెయిన్ దానివల్లే రక్తి కట్టింది.

చిల్లరదొంగ
డ్రోగో పోతే ఉంగరం లోబేలియాకి రావచ్చు కదా? బ్యాగ్ ఎండ్ కూడా. ఊరికే అడుగుతున్నా.

మిట్టమధ్యాహ్నం
పట్నం గారూ, వీణ్ణి మీ బ్యాచ్‌లో చేర్చుకోకండి. మా టేబుల్‌కి పంపండి, మొదటి సెషన్‌లోనే అందరినీ పడవ ఎక్కిస్తాం.